లవంగ నూనె, నలిపిన కాగితం

సెప్టెంబరు 3

గుళ్ళో పెద్దల సమావేశం. ఐదుగురు మగవాళ్ళు, వాళ్ళకి టీ పోయడానికి నేను.

నాన్న పోయి ఏడు నెలలయింది, దేవుడి కత్తి సంగతి ఇక తేల్చాలన్నారు. గుడి పైకప్పు కారిన ఏడాది నుంచి ఆ కత్తి మా ఇంట్లోనే ఉంది. ఏటా పండుగ ముందు నాన్న దాన్ని ఒరలోంచి తీసి, తుడిచి, నూనె రాసి పెట్టేవారు. ఇంకెవరూ ముట్టలేదు.

పెద్దలకి పెద్ద కురోసు తొరాహికో గారు అన్నారు, "ఇక మా ఇంటికి పంపించెయ్యమ్మా ఇకుయో. పెద్ద డోలు మా ఇంట్లోనే ఉంది, సింహం ముసుగూ మా ఇంట్లోనే ఉంది. ఒంటరి ఆడదానివి, నీకెందుకీ బెడద?"

"నేను చూసుకుంటాను" అన్నాను, టీ పోస్తూ.

అంతే అన్నాను. అందరూ నా వైపు చూశారు. ఆ మాట ఎవరన్నారా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను.

గంటసేపు వాదించుకుని చివరికి ఒక మాటకొచ్చారు. అక్టోబరు పదిహేను, పండుగ రోజున ఐదుగురి ముందూ నేను ఒర తీయాలి. తుప్పు మచ్చ లేకపోతే కత్తి నా దగ్గరే. ఉంటే కురోసు గారింటికి.

మనసు ప్రశాంతంగా ఉంది. గొడుగు గుళ్ళోనే మరిచిపోయి వచ్చాను.

సెప్టెంబరు 4

నాన్న సామాను పెట్టె తెరిచాను. నూనె జిగురు కట్టింది. కాగితాలు పసుపెక్కి పెళుసెక్కాయి. సానరాతి పొడి కట్టిన పట్టు మూటను ఎలుక కొరికింది. బాగున్నదల్లా పిడి చీలను బయటికి తట్టే బుల్లి ఇత్తడి సుత్తి ఒక్కటే.

అంటే అన్నీ కొత్తగా ఎంచుకోవాలి.

కత్తిని ముట్టుకోలేదు. నలభై ఏళ్ళు తలుపు సందులోంచి చూశాను. సామాను వచ్చేదాకా ఆగలేనా?

సెప్టెంబరు 6

ఆగగలను.

సెప్టెంబరు 7

మా చెల్లెలు నామియె వచ్చింది, మంగళవారం తన జుట్టు అలంకరణ కొట్టుకి సెలవు. ఒకయామాలో పెద్ద అంగడికి వెళ్ళి నా కోసం కత్తి సామాను పెట్టె కొనుక్కొచ్చింది. పెట్టె నిండా మఖమలు. పొడి మూటకి బంగారు రంగు కుచ్చు.

"ఏమ్మా, ఇది కత్తికా, పెళ్ళికూతురికా?" అన్నాను.

"నువ్వు పెళ్ళి చేసుకోలేదుగా అక్కా. కుచ్చు అయినా ఉండనీ."

నూనె సీసా మూత తీసి వాసన చూసి అరిచింది. "ఇది కమీలియా గింజల నూనె! నేను రోజూ తలలకి రాసేది ఇదే. నా కొట్లో డబ్బాలకి డబ్బాలు ఉంటే ఇంత బుడ్డి కొన్నానే, నా తెలివి తెల్లారినట్టే ఉంది!"

ఇద్దరం నవ్వాం. నేను కొంచెమే.

సెప్టెంబరు 8

ఒసఫునెకి బస్సులో వెళ్ళాను, కత్తులకు సానపట్టే ఇనగాకి గారి దగ్గరికి. ఎనభై ఏళ్ళు, చేతులు రెండూ సానరాతి రంగులో ఉంటాయి. నామియె పెట్టె చూపించాను. ఒక్కొక్కటీ పైకెత్తి చూశారు.

"సుత్తి నాన్నదా? అది చాలు. మఖమలు నీ నగలకి వాడుకో."

"నగలు లేవు."

"అయితే కుచ్చు పిల్లికి కట్టు. ఈ పొడి ఎందుకనుకున్నావు?"

"పాత నూనె పీల్చడానికి."

"రాయమ్మా అది. ఎంత మెత్తగా నూరినా రాయి రాయే. మీ నాన్న పసిబిడ్డకి పౌడరద్దినట్టు నలభై ఏళ్ళు అద్దాడు. అడ్డంగా పట్టి చూడు, ఒళ్ళంతా సన్నటి గీతలు. పొడి వద్దు, మెత్తటి కాగితం చాలు."

నాన్న చేసింది తప్పంటే కోపం రావాలి. రాలేదు. నాన్న కూడా ఒక తప్పు చేశారని వినడం కొంచెం బాగుంది. దేవుడు క్షమించాలి.

నూనె కూడా ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. మల్బరీ నారతో చేసిన కాగితాలు ఇరవై చేతిలో పెట్టారు. "నలుపు. విప్పు. మళ్ళీ నలుపు. చెంపకి రాసుకుంటే చెంపకి తెలియకూడదు. అప్పుడు రా, నూనె సంగతి మాట్లాడదాం."

సెప్టెంబరు 9

నలిపాను.

సెప్టెంబరు 10

నలిపాను. పొద్దున దేవుడి గూటి ముందు కూడా, ఒళ్ళో పెట్టుకుని. మొక్కుతూ దేవుణ్ణి పిలిచే చప్పట్లు కొట్టాల్సొచ్చినప్పుడు చేతుల్లో కాగితం ఉంది, చప్పుడు రాలేదు. దేవుడికి వినపడే ఉంటుంది.

సెప్టెంబరు 12

బస్సులో నలుపుతుంటే పక్క సీటావిడ ఏడుస్తున్నాననుకుని చేతిరుమాలు ఇచ్చింది. వద్దంటే బాధపడుతుందని తీసుకుని కళ్ళు తుడుచుకున్నాను.

చెంపకి ఇంకా తెలుస్తోంది.

సెప్టెంబరు 17

చెంపకి తెలియలేదు!

సెప్టెంబరు 18

ఇనగాకి గారు కాగితాన్ని తన చెంపకి రాసుకున్నారు. కళ్ళు మూసుకుని మళ్ళీ రాసుకున్నారు.  లోపలికి వెళ్ళి మూడు సీసాలు తెచ్చారు.

ఒకటి ఉత్త కమీలియా నూనె. రెండోది లవంగం కలిపింది, పాతకాలపుది. మూడోది ఇప్పుడు యంత్రాలకి వాడే నూనె. నీళ్ళలా ఉంది, వాసనే లేదు.

"ఏది మంచిది?"

"మూడోది. జిగురు కట్టదు, ఆరిపోదు. తెలివైనవాళ్ళు అదే తీసుకుంటారు."

మూడూ మూడుసార్లు వాసన చూశాను. లవంగం తీసుకున్నాను.

"తెలివితక్కువ" అన్నారాయన, సంతోషంగా. "నేనూ అదే వాడతాను. అయితే ఆరునెలలకోసారి తుడిచి మళ్ళీ రాయాలి. బద్ధకిస్తే జిగురే."

ఏడాదికి రెండుసార్లు. నాన్నకి ఒక్కసారే.

ఇంకొకటి చెప్పారు. కత్తి ఒరలో లేనప్పుడు నోరు తెరవకూడదు. ఎంత తియ్యటి మాటైనా తుంపర తుంపరే, పడ్డచోట తుప్పు పట్టేస్తుంది. అందుకే పెదవుల మధ్య మడిచిన కాగితం పెట్టుకుంటారట.

"నాకక్కర్లేదు" అన్నాను. "నేను మాట్లాడను."

నా వైపు చూసి తలూపారు. "నిజమే. నువ్వు వచ్చి మూడు గంటలయింది, పది మాటలు కూడా కాలేదు."

ఈ మాట ఇక్కడ రాసుకోవడం గొప్పకి కాదు.

సెప్టెంబరు 19

మళ్ళీ వాసన చూశాను, సీసా కారుతోందేమోనని.

సెప్టెంబరు 20

చేతికి ఒక చుక్క అంటుకుంటే తలకి రాసుకున్నాను, వృథా ఎందుకని. కూరగాయల కొట్టు దగ్గర ముగ్గురు అడిగారు, "పన్ను నొప్పా ఇకుయో గారూ?"

అవునన్నాను.

సెప్టెంబరు 21

ఈ రోజు.

నామియె సాక్షిగా ఉంటానంది. చాప మీద తెల్ల గుడ్డ పరిచాను. కాగితం, నూనె, నూనె రాసే గుడ్డ, సుత్తి వరసగా పెట్టుకున్నాను. కత్తిని తలకంటే ఎత్తుగా పట్టుకుని దణ్ణం పెట్టాను. ఒర లాగబోతుంటే నామియె అంది, "అక్కా, నీ చెవులు ఎర్రగా అయిపోయాయి."

"మాట్లాడకు."

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఎర్రబడలేదు. అప్పుడు ఆ అబ్బాయి..."

"నామియె!"

అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. దాన్ని చూస్తే నాకూ వచ్చేట్టుంది. వరండాలోకి పంపి తలుపు మూశాను. అవతల నుంచి కుక్కర్ కూతలాంటి నవ్వు.

ఒర తీశాను.

ఏం రాయను? అంచు వెంట పొగమంచులా ఒక తెల్లటి అల. కొంచెం వంచితే ఆ అల నడుస్తుంది. తలుపు సందులోంచి ఇది ఎప్పుడూ కనబడలేదు, నాన్న వీపే కనబడేది. నలభై ఏళ్ళు నేను చూసింది నాన్న వీపు.

నా కాగితం ఆ చివర నుంచి ఈ చివరకి జారింది, చెంపకి తెలియనట్టే. పాత నూనె పోయింది. కత్తి నున్నగా, ఏమీ కట్టుకోనట్టు ఉంది. చాలాసేపు చూశాను. ఎంతసేపో తెలియదు, నామియె తలుపు కొట్టేదాకా. తర్వాత లవంగ నూనె పలచగా రాసి ఒరలో పెట్టాను.

నోరు తెరవలేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మనసు ప్రశాంతంగా ఉంది. రాత్రి కూరలో ఉప్పుకి బదులు పంచదార వేశాను. తినేశాను కూడా.

సెప్టెంబరు 22

ఆరునెలలు అన్నారు. వారానికి ఒకసారి చూడకూడదని అనలేదు.

సెప్టెంబరు 28

కొనకి జానెడు ఇవతల ఒక నీడ ఉంది. కిటికీ చువ్వ నీడ.

సెప్టెంబరు 29

కిటికీ లేని గదిలో చూశాను. నూనె చుక్క అయి ఉంటుంది.

సెప్టెంబరు 30

నూనె తుడిచాను. నా కళ్ళజోడు మీద మరక అయి ఉంటుంది.

అక్టోబరు 1

కళ్ళజోడు కడిగాను.

అక్టోబరు 2

మూడు. ఆవగింజలో సగం ఉంటాయి. గోధుమ రంగు.

నోరు తెరవలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఎలా?

ఇంకా పదమూడు రోజులు.

అక్టోబరు 3

కత్తికి సంచీ తొడిగి, ప్రభుత్వ నమోదు చీటీ పర్సులో పెట్టుకుని ఒసఫునె బస్సెక్కాను. దారి పొడవునా దేవుణ్ణి తలుచుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏమైనా అన్నారా అమ్మా?" అని అడిగాడు.

"లేదు."

"పెదవులు కదులుతుంటేనూ."

అప్పుడు తెలిసింది.

"మలినం తొలగించు, శుభ్రం చెయ్యి, మలినం తొలగించు, శుభ్రం చెయ్యి." పొద్దున లేచిన దగ్గర్నుంచి నా పెదవుల మీద ఆడుతూనే ఉంటుంది. అంట్లు తోముతున్నా, కాగితం నలుపుతున్నా. నాకే వినపడదు. ఆ రోజు ఆ నున్నటి కత్తి మీదికి వంగి, ఎంతసేపో తెలియనంతసేపు...

మలినం తొలగించమని వేడుకుంటూ మలినం నేనే చల్లాను.

బస్సులో నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వు. చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను, ఆ రోజు ఆవిడిచ్చిందే.

ఇనగాకి గారికి చెబితే నవ్వలేదు. కత్తిని వెలుతురుకి పట్టి, నోట్లో కాగితంతో, మూడు మచ్చలూ చూశారు. ఒరలో పెట్టి, కాగితం తీసి, అప్పుడు నవ్వారు. పనిపీట పట్టుకుని నవ్వారు.

"తిట్టుకున్న భార్యాభర్తల తుంపర చూశాను. తాగినవాడి తుంపర చూశాను. ప్రార్థన తుంపర చూడటం ఇదే మొదలు! మాట్లాడనంటివే!"

"దేవుడితో మాట్లాడటం లెక్కలోకి వస్తుందనుకోలేదు."

"కత్తికి చెవుల్లేవమ్మా. ఎవరితో మాట్లాడుతున్నావో దానికేం తెలుసు?"

వద్దన్న పొడి మూట తనే తీశారు. "దీని పని ఇది. ఇందుకు మాత్రమే." ఒక్కో మచ్చ మీద పదిసార్లు అద్ది, కాగితంతో తుడిచారు. రెండు పోయాయి. మూడోది పలచబడి ఆగిపోయింది.

"ఇంకొంచెం" అన్నాను.

"ఇంకొంచెమంటే మచ్చతోపాటు కత్తి కూడా పోతుంది. నూనె కింద ఉంచితే పెరగదు. ఉండనీ. ఏడువందల ఏళ్ళ వయసు దానిది, నీ ప్రార్థన ఒక్కటి మొయ్యలేదా?"

అది మొయ్యగలదు. కురోసు గారు మొయ్యరు.

అక్టోబరు 8

నామియె ఇత్తడి కుళాయిలు తోమే క్రీము తెచ్చింది. "ఒక్క రుద్దు అక్కా! చిటికెన వేలితో! ఎవరికి తెలుస్తుంది?"

మూత తీశాను.

మూత పెట్టాను.

"దాన్ని కాపాడుకుందామని దాని చర్మం గీకుతామా?" అన్నాను.

"సరే, అయితే కురోసు గారి కళ్ళజోడు దాచేద్దాం. బుధవారం తల కత్తిరించుకోవడానికి నా కొట్టుకే వస్తాడు."

అది తమాషాకి అనలేదు. నేను వద్దనడానికి కొంచెం ఆలస్యమైంది.

అక్టోబరు 14

పండుగ సుషీకి అన్నం వండాను, తామర దుంపలు ఉడికించాను, చేప ముక్కలు పుల్లనీళ్ళలో వేశాను. రేపు ముందే చెప్పేస్తాను. ఒర తీయకముందే. దొరికిపోయి చెప్పడం కంటే అది నయం.

అక్టోబరు 15

అంతా వరసగా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

గుడి మండపంలో ఐదుగురూ నల్ల దుస్తుల్లో కూర్చున్నారు. నమస్కరించి చెప్పాను. "కొనకి జానెడు ఇవతల ఒక మచ్చ ఉంది. నాదే. ప్రార్థన చేస్తుంటే తుంపర పడింది."

"చూశారా!" కురోసు గారు తొడ చరిచారు. "తనే ఒప్పుకుంది! అయిపోయింది. సాయంత్రం మనిషిని పంపిస్తాను, కత్తి ఇచ్చెయ్యి."

బార్లీ పండించే ముసలాయన హోషిజిమా గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఉండవయ్యా తొరా. చూడకుండా తేల్చేస్తే ఈ బిగుతు బట్టలు ఎందుకు తొడుక్కున్నట్టు?"

నేను మడిచిన కాగితం పెదవుల మధ్య పెట్టుకున్నాను. ఈసారి పెట్టుకున్నాను. ఒర తీశాను.

ఐదు తలలూ ఒకేసారి వంగాయి.

"ఏదీ? ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ!"

"అది నీ ముక్కు నీడయ్యా!"

"నా ముక్కు గోధుమ రంగులో ఉంటుందా? ప్రతి ఒక్కరికీ ప్రత్యక్షంగా, ప్రస్ఫుటంగా కనిపిస్తుంటే!" ఇది కురోసు గారు. ఆయన "ప్ర" అన్న ప్రతిసారీ కత్తి మీద ఒక మెరుపు వాలింది. నా నోట్లో కాగితం. ఆపండని చెప్పలేను. ఊఁ ఊఁ అన్నాను. "ఆవిడకి ఏడుపొస్తోంది పాపం" అన్నారెవరో, ఇంకో రెండు చుక్కలు రాలుస్తూ.

కత్తి తుడిచి, వాళ్ళ ముక్కుల ముందే ఒరలో పెట్టేశాను. పెద్దల ముందు అలా చేయకూడదు. కాగితం తీశాను.

"ఏడు చుక్కలు" అన్నాను. "నేను లెక్కపెట్టాను. నాకు మూడు మచ్చలు పడటానికి ఒక పూట పట్టింది. మీరు చిటికెలో ఏడు వేశారు. నోట్లో కాగితం లేనివాళ్ళకి ఇక ఒర తీయను."

నేనేనా అన్నది? నేనే.

హోషిజిమా గారు ముందుగా చెయ్యి చాచారు. తర్వాత ముగ్గురు. కురోసు గారు చివర, చేదు ఆకు నోట పెట్టుకున్నట్టు పెట్టుకున్నారు.

మళ్ళీ ఒర తీశాను. ఐదుగురు ముసలివాళ్ళు, ఐదు తెల్ల కాగితాలు, మేకల మందలా. ఒక్కొక్కరి ముందూ కత్తి తిప్పాను. హోషిజిమా గారికి మచ్చ దొరకలేదు, చేతులు ఊపారు. కురోసు గారికి దొరికింది. వేలు చూపించి "ఊఁ! ఊఁ!" అన్నారు. ఆయన మీసం కింద కాగితం టపటప కొట్టుకుంది. ఒకరి భుజాలు ఊగడం మొదలైంది. తర్వాత పక్కాయనవి. హోషిజిమా గారి కళ్ళలో నీళ్ళు. నా చేతిలో కత్తి ఉంది, నేను నవ్వకూడదు. దేవుడి వైపు చూశాను. అక్కడి నుంచి సాయం రాలేదు.

కత్తిని చెయ్యి చాపినంత దూరంగా పట్టుకుని, మొహం పూర్తిగా వెనక్కి తిప్పి, కాగితం తీసి, గోడతో అన్నాను, "కత్తి నా దగ్గర ఉండటానికి అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి."

పది శ్వాసలు ఆగాను.

ముందే ఆలోచించుకుని అన్న మాట కాదది. అనుకుంటాను.

"ఎవరూ లేరు" అని, తుడిచి, నూనె రాసి, ఒరలో పెట్టాను.

కురోసు గారు కాగితం ఊడబెరికారు. "మోసం! ఇదెక్కడి న్యాయం!"

"నువ్వే ఒప్పుకుని పెట్టుకున్నావుగా" అన్నారు హోషిజిమా గారు కళ్ళు తుడుచుకుంటూ.

"మచ్చ ఉంటే మా ఇంటికని కదా మాట!"

"ఆ మాట నిజమే. కానీ మీ ఇంటికొస్తే ఎన్ని పడతాయో ఇప్పుడే చూశాం కదయ్యా. ఏడు! ఒర తీసిన పాపానికి! చేతులెత్తండి, మర్యాదగానే తేలుద్దాం."

నాలుగు చేతులు లేచాయి. కురోసు గారు వాటిని లెక్కపెట్టారు, రెండుసార్లు. తర్వాత తన చేతిలో మిగిలిన కాగితం వైపు చూశారు, వేళ్ళ మధ్య నలిపారు, చెంపకి రాసుకున్నారు.

"ఇంత మెత్తటిది ఎక్కడ దొరికింది?" అన్నారు, గొంతు తగ్గించి.

"అలాగే దొరకదు" అన్నాను. "పది రోజులు నలపాలి."

"పది రోజులా? నోరు మూసుకుని?"

"మీరు నలిపితే ఇరవై పడుతుంది."

మొదట నవ్వింది కురోసు గారే. అందరూ నా సుషీ మీద పడ్డారు.

అక్టోబరు 16

పొద్దున పెరట్లోకి వెళ్ళి, నేరేడు రంగు చామంతుల మధ్య నిలబడి ప్రార్థన చేశాను. గట్టిగా, నోరారా. పక్కింటి కుక్క మొరిగింది. ఎంతసేపు కావాలంటే అంతసేపు చేశాను.

తర్వాత ఇంట్లోకొచ్చి తలుపులు మూసి గుడ్డ పరిచాను. ఐదుగురి ఊపిరి తగిలిన కత్తి, మరోసారి చూడటం అవసరం. అవసరం కాకపోయినా చూస్తాను.

ముందు కాగితం నోట్లో పెట్టుకున్నాను. మాటలు ఆపుకోగలను, ప్రార్థన కూడా ఆపుకోగలనేమో. నవ్వు మాత్రం నా వల్ల కాదు.